చలికాలానికి పెరటి కోళ్ల దొడ్డిని సిద్ధం చేసుకోవడం ఎలా?

దసరా దాటి కార్తీకం దగ్గరపడగానే కోళ్లు పెంచుకునేవాళ్ల నుంచి ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. "దొడ్డి చుట్టూ పట్టా కట్టేయాలా?", "గూట్లో బల్బు వేలాడదీస్తే సరిపోతుందా?", "కోళ్లు గురక పెడుతున్నాయి, చలికేనా? ఏ మందు వేయాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు, దొడ్డిని మొదటి నుంచి చివరిదాకా ఎలా తయారుచేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం గట్టిగా మనసులో పెట్టుకోండి. ఈకలు నిండుగా వచ్చిన ఆరోగ్యమైన కోడికి మన ప్రాంతపు పొడి చలితో పెద్ద ప్రమాదం లేదు. దాని ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని, తల రెక్కలో దూర్చుకుని ఆ వేడిని అదే కాపాడుకుంటుంది. దాన్ని దెబ్బతీసేవి రెండు: ఒకటి తడి, రెండోది రాత్రంతా నేరుగా ఒంటికి తగిలే గాలి. మనం చలిని ఆపాలన్న తొందరలో గాలి మొత్తం ఆపేస్తాం. రెట్టలోని తేమ, ఊపిరిలోని తేమ బయటికి పోయే దారి లేక లోపలే ఉండిపోతుంది. చలికాలపు జబ్బులు చాలావరకు అక్కడే మొదలవుతాయి. కాబట్టి కింది పనులన్నిటి లెక్క ఒక్కటే: నేల పొడిగా ఉండాలి, కోడి కూర్చునే ఎత్తులో గాలి తగలకూడదు, దాని తలకు పైన మాత్రం గాలి ఆడుతూ ఉండాలి.

ఇది 20 కోళ్ల దాకా పెంచుకునే ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాసింది. నాటు కోళ్లయినా, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటి పెరటి రకాలైనా పద్ధతి ఇదే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, చింతపల్లి, లంబసింగి, అరకు లాంటి మన్యం ఊళ్లలో ఉన్నవాళ్లు ప్రతి అడుగూ పాటించండి. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో పాదరసం 5 డిగ్రీల కిందికి దిగడం కొత్తేమీ కాదు. నెల్లూరు, ప్రకాశం వైపు చలి తక్కువైనా ఈశాన్య రుతుపవనాల వాన ఉంటుంది గనుక మీకు నేల, పైకప్పు పనులే ముఖ్యం.

ఏమేం కావాలి

- పార, గునపం, తట్ట
- మొరం, గ్రావెల్ లేదా ముతక ఇసుక
- పొడి వరి ఊక, ఆరడుగుల చదరపు గూటికి నాలుగైదు బస్తాలు. ఊక దొరకకపోతే వేరుశనగ పొట్టు, రంపపు పొట్టు
- ఖాళీ గోనె సంచులు, గోనె సూది, సుతిలి తాడు
- ఒక టార్పాలిన్ పట్టా
- అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్, బైండింగ్ వైరు, కటింగ్ ప్లేయరు
- రెండు మూడు అంగుళాల మందం ఉన్న కర్రలు
- పొడి సున్నం
- కట్టెల బూడిద, పాత టైరు లేదా వెడల్పాటి బేసిను
- టార్చి, తెల్లగుడ్డ ముక్క, అగరుబత్తి

చివర్లో ఉన్న మూడూ పరీక్షల కోసం. వాటిని వదిలేయకండి.

1. పని మొదలుపెట్టే ముందు దొడ్డిని రెండు వేళల్లో చూడండి

ఒకసారి వాన పడ్డ మర్నాడు, ఇంకోసారి తెల్లవారుజామున. వాన తర్వాత నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అక్కడ ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. తెల్లవారుజామున గూటి పైరేకు లోపలి వైపు అరచేయి ఆనించి చూడండి. చేతికి నీటి చుక్కలు అంటాయంటే రాత్రి ఆవిరి బయటికి పోవడం లేదన్నమాట. ఇక ఎండ సంగతి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. వేసవిలో నీడ కోసం వదిలేసిన దక్షిణపు కొమ్మలే ఇప్పుడు దొడ్డికి ఎండ తగలకుండా చేస్తాయి. వాటిని కొట్టించండి. ఉత్తరం వైపు చెట్టూ కంచే ఉంటే ముట్టుకోకండి, అవి గాలికి అడ్డు.

2. నేల ఎండగట్టండి

ఏడాదంతా కోళ్లు తిరిగిన దొడ్డిలో పైన రెండంగుళాల మేర మట్టి, రెట్ట కలిసి జిగటగా ఉంటుంది. ఆ పొరను పారతో చెక్కి ఎరువు గుంటలో వేయండి. చాలామంది ఈ పని చేయకుండానే దాని మీద కొత్త ఇసుక పోస్తారు. నాలుగు రోజులు బాగానే కనిపిస్తుంది. ఒక వాన పడగానే కింది బురద పైకొచ్చేస్తుంది.

చెక్కిన తర్వాత ఒక ఎండ పూట ఆరనివ్వండి. పొడి సున్నం పలుచగా చల్లండి. కోళ్లను రెండు రోజులు అటు వదలకండి, సున్నం కాళ్లను, కళ్లను మండిస్తుంది. తర్వాత గుర్తు పెట్టుకున్న గుంటలు ముందు పూడ్చి, మొరం లేదా గ్రావెల్ మూడంగుళాలు పరిచి దిమ్మిస కొట్టండి. పది అడుగులకు మూడంగుళాల వాలు ఒక వైపుకు ఉండేలా చూసుకోండి. దొడ్డి చుట్టూ బయట అడుగు వెడల్పు, అర అడుగు లోతు కాలువ తీసి, ఆ నీళ్లు కొబ్బరి పాదుకో అరటి మొక్కకో పోయేలా దారి ఇవ్వండి.

నల్లరేగడి నేల ఉన్నవాళ్లకు మొరం ఒక్కటే చాలదు, మట్టిలోకి కూరుకుపోతుంది. కింద పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు ఒక వరుస పరిచి దాని మీద మొరం వేయండి. కోస్తాలో ఇసుక దొరికేవాళ్లు ముతక ఇసుకే వాడండి. ఉప్పు నీటి ఇసుక మాత్రం వద్దు.

హెచ్చరిక: ఆరుబయట దొడ్డిలో ఊకగానీ వరిగడ్డిగానీ పరచకండి. మంచుకు, వానకు తడిసి బూజు పడుతుంది. ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతే మందు పనిచేయదు. ఊక కప్పు కింద మాత్రమే.

3. పైకప్పు

చూరు గోడకన్నా కనీసం రెండడుగులు బయటికి రావాలి. లేకపోతే జల్లు లోపలికి కొడుతుంది. రేకుల్లో మేకు రంధ్రాలు పగటి పూట లోపల నిలబడి చూస్తే వెలుగు చుక్కల్లా కనిపిస్తాయి. వాటిని అప్పుడే మూసేయండి.

జి.ఐ. రేకు రాత్రి చల్లబడి లోపలి ఆవిరిని నీరుగా మార్చి ఊక మీద చుక్కలుగా రాల్చుతుంది. దీనికి విరుగుడు రేకు మీద తాటాకో, కొబ్బరి మట్టలో, చొప్పో ఒక పొర కప్పి తాళ్లతో బిగించడం. గాలికి ఎగరకుండా అడ్డంగా రెండు వెదురు బద్దలు కట్టండి. తాటాకు కప్పు ఉన్న గూటికి ఈ ఇబ్బంది లేదు, అందుకే చలికి అదే నయం. కాకపోతే నిప్పుకు జాగ్రత్తగా ఉండాలి.

వీలైతే దొడ్డిలో కూడా ఒక పక్కన నాలుగైదు అడుగుల వెడల్పు పంచ, అంటే పక్కలు తెరిచి ఉన్న చిన్న కప్పు, వేయండి. ముసురు పట్టిన రోజు కోళ్లు గూట్లో కుక్కుకుని ఉండకుండా దాని కింద తిరుగుతాయి. మేత తొట్టి కూడా దాని కిందే పెట్టుకోవచ్చు.

4. గాలికి అడ్డు కట్టడం

అందరూ తప్పు చేసేది ఈ అడుగులోనే, కాబట్టి నిదానంగా చదవండి.

మన దగ్గర చలికాలపు గాలి ఎక్కువగా ఉత్తరం, ఈశాన్యం, తూర్పు నుంచి వస్తుంది. మామూలుగా ఉత్తరం, తూర్పు మూసి, దక్షిణం తెరిచి ఉంచుకుంటే సరిపోతుంది. కానీ పక్కింటి ప్రహరీ, మీ ఇంటి గోడ గాలిని తిప్పేయవచ్చు. అందుకని పట్టా కొనే ముందే రాత్రి తొమ్మిదింటికి ఒక అగరుబత్తి వెలిగించి, గూటి లోపల కోళ్లు కూర్చునే ఎత్తులో పట్టుకోండి. పొగ నిటారుగా లేచిందా, అక్కడ ఇబ్బంది లేదు. పక్కకు వంగి పరుగెత్తిందా, ఏ వైపు నుంచి గాలి వస్తోందో అదే చెబుతుంది. బత్తి బూడిద ఊక మీద రాలకుండా కింద చిన్న పళ్లెం పట్టుకోండి.

రాత్రి గూటికి:

గోడ ఐదారు అడుగుల ఎత్తు ఉందనుకుందాం. కోడి అడుగున్నర ఎత్తు కర్ర మీద కూర్చుంటే దాని తల మూడడుగుల దగ్గర ఉంటుంది. అడ్డు కింది నుంచి నాలుగడుగుల దాకా కట్టండి. ఆ పైన చూరు దాకా కనీసం ఒక అడుగు, రెండు ఎదురెదురు వైపులా తెరిచి ఉండాలి. మెష్ మాత్రం ఉండాలి. రాత్రి ఎంత చలిగా ఉన్నా ఆ ఖాళీని మూయవద్దు. లంబసింగిలోనైనా సరే.

పట్టాను కింద మేకులతో బిగించి, పై అంచుకు ఒక వెదురు బద్ద కుట్టి, తాడుతో పైకి లాగేలా పెట్టుకోండి. కోళ్లఫారాల్లో పరదాలు ఇలాగే కడతారు. దీని లాభం ఏమిటంటే, తాడు వదిలినప్పుడు ముందు పైభాగం తెరుచుకుంటుంది, కింది భాగం చివరిదాకా మూసే ఉంటుంది. పై నుంచి కిందికి వేలాడే పట్టా అయితే పైన మూసుకుపోయి కింద కొట్టుకుంటూ ఉంటుంది. సరిగ్గా మనకు కావలసినదానికి తలకిందులు.

వాన జల్లు కొట్టే వైపు టార్పాలిన్ వాడండి. జల్లు తగలని వైపు గోనె మేలు, ఎందుకంటే అది గాలి వేగాన్ని తగ్గిస్తుంది గానీ తేమను బంధించదు. సంచుల్ని విప్పి రెండేసి పొరలుగా కుట్టుకోండి. తడిసిన గోనెను ఆ రోజే ఎండలో ఆరేయండి, తడి గోనె కట్టడం కన్నా ఏమీ కట్టకపోవడం నయం.

దొడ్డికి, అంటే పగలు తిరిగే చోటికి, చుట్టూ పట్టా అక్కర్లేదు. ఉత్తరం, తూర్పు వైపు జాలీకి కింది రెండడుగుల మేర తడికో, అల్లిన కొబ్బరి మట్టో, గోనెపట్టో కడితే చాలు. గాలికి కోళ్లు ఆ అడ్డు పక్కన చేరి ఎండ కాచుకుంటాయి.

పొద్దున ఎండ పడగానే, ఎనిమిదిన్నర తొమ్మిదికి, పట్టా పూర్తిగా దించేయండి. సాయంత్రం కోళ్లు గూట్లోకి చేరాక ఎత్తండి. మబ్బు రోజైనా కాసేపు దించాల్సిందే.

పుంజుల్ని విడివిడిగా గంపల కింద ఉంచేవాళ్లు గంప మొత్తానికి గోనె కప్పేస్తుంటారు. గాలి వచ్చే రెండు మూడు వైపులా చుట్టి, పైభాగం వదిలేయండి. గంప కింద నేల మీద నేరుగా కాకుండా మూడంగుళాల ఊక వేయండి.

5. గూట్లో లిట్టరు (నేల మీద పరిచే ఊక)

వేసవిలో రెండు మూడు అంగుళాల ఊక సరిపోతుంది. చలికాలానికి నాలుగైదు అంగుళాలు వేయండి. పాతదాన్ని పూర్తిగా తీసేసి, నేల ఊడ్చి, సున్నం చల్లి ఆరనిచ్చి, ఆ తర్వాత కొత్త ఊక పోయండి. మిల్లు నుంచి తెచ్చిన ఊకను ఒకసారి ఎండలో పరిచి చేతితో కలిపి చూడండి. ముక్కిన వాసన వస్తే వద్దు. రంపపు పొట్టు అయితే బాగా మెత్తగా దుమ్ములా ఉన్నది తీసుకోకండి, కోళ్ల ముక్కుల్లోకి పోతుంది.

వారానికి రెండుసార్లు, కోళ్లు బయటికి వెళ్లాక, పంజాతోనో పారతోనో తిరగేయండి. కర్రల కింద రెట్ట గట్టిపడిన అట్టల్ని తీసేయండి. తడి చోటు కనిపిస్తే అక్కడి ఊక మాత్రం ఎత్తి పారేసి కొత్తది వేయండి. తడి ఊక మీద పొడి ఊక కప్పితే అడుగున కుళ్లుతూనే ఉంటుంది.

ఎలా ఉందో చూసుకోవడానికి పిడికెడు ఊక తీసుకుని గట్టిగా నొక్కి వదలండి. ముద్దకట్టినట్టే కట్టి వదలగానే విచ్చుకుంటే తేమ సరిగ్గా ఉంది. ముద్ద అలాగే నిలిస్తే తడి ఎక్కువ. అసలు కలవకుండా చేతిలోంచి జారిపోతూ దుమ్ము లేస్తుంటే మరీ పొడి, ఒక చెంబెడు నీళ్లు చిలకరించి తిరగేయండి.

6. కూర్చునే కర్రలు

ఇనుప పైపులు వద్దు, రాత్రి చల్లబడి కాళ్లలోంచి వేడి లాగేస్తాయి. రెండు మూడు అంగుళాల చెక్క కర్ర అంచులు గుండ్రంగా చెక్కి వాడండి. దాని మీద కోడి కాలు పరిచి కూర్చుంటుంది, పైనుంచి పొట్ట ఈకలు వేళ్లను కప్పుతాయి. సన్నటి కర్ర అయితే వేళ్లు చుట్టూ తిరిగి బయటికొస్తాయి, వాటికి చలి తగులుతుంది. ఒక్కో కోడికి ఎనిమిది అంగుళాల చోటు లెక్కన 20 కోళ్లకు 14 అడుగుల కర్ర ఉండాలి. వనరాజా లాంటి బరువు రకాలకు అడుగున్నర మించి ఎత్తు పెట్టకండి, దూకినప్పుడు పాదాలు వాస్తాయి. కర్రలన్నీ ఒకే ఎత్తులో ఉంటే పై కర్ర కోసం కొట్లాట ఉండదు.

7. జాలీ సరిచూసుకోవడం

చలికాలంలో ముంగిస, పిల్లి, అడవిపిల్లి గూటి వైపు ఎక్కువ తిరుగుతాయి. పొలాలు కోతకొచ్చాక ఎలుకలు ఇళ్ల వైపు వస్తాయి, వాటి వెనకే పాములు. షడ్భుజి కన్నుల పలచటి కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచగలదే గానీ కుక్కను ఆపలేదు. కింది మూడడుగులకు వెల్డ్ మెష్ వేసి, అడుగు లోతు భూమిలో పాతండి. రాతి నేల అయితే తవ్వకుండా మెష్‌ను బయటికి అడుగు మేర మడిచి పరిచి, రాళ్లు పేర్చండి. మీ బొటనవేలు దూరే సందు ఎక్కడున్నా మూసేయండి.

8. మేత, నీళ్లు

చలికి కోడి ఎక్కువ తింటుంది, తిననివ్వాలి. తిరిగి మేసే కోళ్లకు రోజూ వేసే గింజకు సాయంత్రం పక్షికి మరో పది, పదిహేను గ్రాముల మొక్కజొన్న, జొన్న లేదా సజ్జ కలపండి. సాయంత్రమే ఎందుకంటే గింజ నిదానంగా అరుగుతూ రాత్రంతా వేడినిస్తుంది. ఆకుకూర, తవుడు పగటి పూట వేయండి.

ఈ కాలంలో కొత్త మొక్కజొన్న చవకగా దొరుకుతుంది. సరిగ్గా ఎండని గింజలో బూజు పట్టి విషం తయారవుతుంది, కాలేయం చెడుతుంది. గింజ కొరికితే టక్కున పగలాలి, పంటికి మెత్తగా ఆనితే ఇంకా నాలుగు రోజులు ఎండబెట్టండి. పచ్చ, నలుపు రంగు బూజు కనిపించిన గింజను కడిగి వేద్దామనుకోకండి, పారేయండి.

నీళ్లు రాత్రి గూట్లో ఉంచవద్దు. ఒలికితే ఊక తడుస్తుంది, కోళ్లు చీకట్లో తాగవు కూడా. పొద్దున్నే గిన్నెలో మిగిలిన నిన్నటి నీళ్లు పారబోసి గోరువెచ్చని నీళ్లు పోయండి. చల్లటి నీళ్లయితే కోళ్లు తక్కువ తాగుతాయి, నీళ్లు తగ్గితే మేత తగ్గుతుంది, మేత తగ్గితే గుడ్డు తగ్గుతుంది. నీటి గిన్నెను ఇటుక మీద, కోడి వీపు ఎత్తులో పెడితే రెట్ట పడదు.

మేత, నీళ్లు రెండూ కప్పు కిందే ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. చలికాలంలో వలస పక్షులు వస్తాయి. వాటి ద్వారా బర్డ్ ఫ్లూ రావచ్చు. నెల్లూరు జిల్లాలో 2024 ఫిబ్రవరిలో, గోదావరి జిల్లాల్లో 2025 ఫిబ్రవరిలో ఆ జబ్బు బయటపడింది. చెరువు నీళ్లు కోళ్లకు పోయకండి. కాకులు, కొంగలు మేత తొట్టి దగ్గరికి రాకుండా పైన వల కట్టండి. దొడ్డిలోకి వెళ్లడానికి ఒక జత చెప్పులు విడిగా ఉంచుకోండి. ఒకేసారి ఎక్కువ కోళ్లు చనిపోయినా, తల వాచి తురాయి నల్లబడినా వాటిని ముట్టుకోకండి, కోయకండి, అమ్మకండి. వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. రెండు రాష్ట్రాల్లోనూ పశువుల సంచార వైద్యానికి 1962 నంబరు ఉంది.

9. బూడిద గుంట

కోడి ఒంటి పేలను మట్టిలో పొర్లి వదిలించుకుంటుంది. చలికాలంలో మట్టి తడిగా ఉండి ఆ అవకాశం పోతుంది. పంచ కింద పాత టైరులో పొడి ఇసుక, కట్టెల బూడిద సగం సగం కలిపి పోయండి. ప్లాస్టిక్ కలిసిన చెత్త కాల్చిన బూడిద వద్దు.

రాత్రి పది దాటాక టార్చి, తెల్లగుడ్డ తీసుకుని వెళ్లి కర్ర అడుగు భాగాన్ని గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్రటి గీతలు పడితే అవి రక్తం తాగిన నల్లులు. పగలు చీలికల్లో దాక్కుంటాయి గనుక కోడి ఒంటి మీద ఎంత వెతికినా కనిపించవు. కర్రను తీసి ఎండలో పెట్టి, చీలికల్లో వేపనూనె పూసి, తిరిగి బిగించండి. వారం తర్వాత మళ్లీ తుడిచి చూడండి.

10. టీకా, నట్టల మందు

గూడు ఎంత బాగా కట్టినా కొక్కెర తెగులు (రాణీఖేత్ జబ్బు) ఆగదు, దానికి టీకాయే దారి. పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా అనే టీకా చుక్క కంట్లో, మళ్లీ 28 రోజులకు, ఎనిమిదో వారంలో ఆర్2బి ఇంజెక్షన్. పెద్ద కోళ్లకు ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే చలి ముదరకముందే పశువైద్యుణ్ని అడిగి వేయించండి. టీకాకు వారం, పది రోజుల ముందు నట్టల మందు తాగించండి. టీకా సీసాను ఐస్ పెట్టిన ఫ్లాస్కులోనే తేవాలి. జేబులో వేసుకుని తెచ్చిన టీకా వేసినా వేయనట్టే. ఇప్పటికే గురక పెడుతున్న కోళ్లకు టీకా వేయకండి.

11. పిల్లలున్న ఇంట్లో

ఇంతవరకు చెప్పినదంతా ఈకలు వచ్చిన కోళ్లకు. పిల్లల సంగతి వేరు, వాటికి వేడి కావాలి. తల్లితో ఉన్న పిల్లలకు తల్లే చాలు. ఒక మూల గంప కింద మందంగా ఊక వేసి వాటిని విడిగా ఉంచండి, మంచు ఆరేదాకా బయటికి వదలకండి. తడి గడ్డిలో తిరిగిన పిల్ల సాయంత్రానికి రెక్కలు వాల్చేస్తుంది.

తల్లి లేకుండా కొని తెచ్చిన పిల్లలకు మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గిస్తూ, ఈకలు వచ్చేదాకా వేడి ఇవ్వాలి. చాలామంది ఎల్ఈడీ బల్బు పెట్టి, "లైటు వేశాం, అయినా పిల్లలు చచ్చిపోతున్నాయి" అంటున్నారు. ఎల్ఈడీ వెలుగే గానీ వేడి ఇవ్వదు. ఫిలమెంటు ఉన్న పాత రకం బల్బు లేదా ఇన్‌ఫ్రారెడ్ బల్బు కావాలి. 25 పిల్లలకు 60 వాట్ల ఫిలమెంటు బల్బుతో మొదలుపెట్టి, అడుగు, అడుగున్నర ఎత్తులో, వైరుతో కాకుండా గొలుసుతో వేలాడదీయండి. ఇన్‌ఫ్రారెడ్ అయితే ఇంకా ఎత్తులో ఉండాలి. బల్బు ఊకలో పడితే దొడ్డి అంతా అంటుకుంటుంది.

వేడి సరిపోయిందో లేదో థర్మామీటరు కన్నా పిల్లలే బాగా చెబుతాయి. బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి. దూరంగా పోయి నోరు తెరుస్తుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు చేరితే రెండో పక్క నుంచి గాలి వస్తోంది. చెల్లాచెదురుగా తిరుగుతూ, తింటూ, పడుకుంటూ ఉంటే మీరు వెళ్లి నిద్రపోవచ్చు. కరెంటు పోతే సీసాల్లో వేడినీళ్లు పోసి, గోనె చుట్టి, పిల్లల మధ్య పెట్టండి.

హెచ్చరిక: మూసిన గూట్లో బొగ్గుల కుంపటి పెట్టవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తెల్లారేసరికి కోళ్లన్నీ కర్రల కింద పడి ఉంటాయి. ఇంట్లో మనుషులకు కూడా ఇదే ప్రమాదం. పెద్ద ఫారాల్లో వేడికి వాడే బుఖారీ పొయ్యికి పొగ గొట్టం బయటికి ఉంటుంది, కుంపటికి ఉండదు.

గుడ్లు తగ్గితే?

డిసెంబరులో మన దగ్గర పగలు దాదాపు 11 గంటలే. పెట్టకు నిలకడగా గుడ్డు రావాలంటే 14 గంటలకు పైగా వెలుగు కావాలి. కాబట్టి తగ్గడం జబ్బు కాదు. నాటు పెట్టలైతే విడతలుగా పెట్టి ఆగిపోతాయి, వాటికి లైటు పెట్టి పెద్దగా ఉపయోగం లేదు. గ్రామప్రియ లాంటివి ఉంటే చిన్న ఎల్ఈడీ బల్బును తెల్లవారుజామున వేసి, సూర్యుడు వచ్చాక ఆర్పేయండి. సాయంత్రం వేయకండి, లైటు ఆరగానే కోళ్లు చీకట్లో కర్ర వెతుక్కోలేక నేల మీదే ఉండిపోతాయి. వెలుగు సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోండి. ఈకలు రాలుస్తున్న పెట్టల్ని మాత్రం వాటి మానాన వదిలేయండి, వాటికి విశ్రాంతి కావాలి.

అంతా సరిగ్గా కుదిరిందా?

పనులన్నీ అయ్యాక మూడు నాలుగు రోజులకు తెల్లవారుజామున, గూడు తెరవకముందే వెళ్లండి. తలుపు తీసి, వంగి, కోడి తల ఎత్తుకు మీ ముఖం తెచ్చి ఊపిరి పీల్చండి. నిలబడి చూస్తే తెలియదు, ఘాటు కిందే ఉంటుంది. ముక్కు మండినా, కళ్లలో నీళ్లు తిరిగినా అమ్మోనియా పట్టింది. పైన ఖాళీ ఇంకా పెంచాలి, తడి ఊక తీయాలి. మందు షాపుకు పరుగెత్తే ముందు ఈ పని చేయండి. గురక కోసం తెచ్చిన యాంటీబయాటిక్ ఎంత వేసినా ఆ గాలిలోనే ఉంచితే కోడి కోలుకోదు. గాలి సరిచేసిన రెండు మూడు రోజులకు కూడా ముక్కు కారుతూ, గురక తగ్గకపోతే ఆ కోళ్లను వేరుచేసి డాక్టరుకు చూపించండి.

రేకు లోపలి వైపు మళ్లీ చేయి ఆనించండి, పొడిగా ఉండాలి. అగరుబత్తి మళ్లీ వెలిగించండి. కర్ర ఎత్తులో పొగ నిటారుగా, చూరు దగ్గర బయటికి పోతూ ఉండాలి. రాత్రి టార్చి వేసి చూస్తే కోళ్లు కర్ర మీద వరుసగా, ఈకలు ఉబ్బించుకుని కూర్చోవాలి. అన్నీ ఒక చివరకే చేరాయంటే రెండో చివర గాలి తగులుతోంది. నేల మీద మూలకు గుంపుగా ఉంటే కర్ర ఎత్తు నచ్చలేదో, నల్లులున్నాయో చూడండి. పొద్దున వదలగానే రెక్కలు దులుపుకుని మేత మీద పడే కోళ్లకు రాత్రి ఏ ఇబ్బందీ లేనట్టే. పది దాటినా ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని ఒక పక్కన నిలబడ్డ కోడి మాత్రం జబ్బు కోడే. దాన్ని చలి అని వదిలేయకండి.

ఎప్పుడు తీసేయాలి?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గానీ, దొడ్డికి ఆ తేదీ దాకా ఆగనక్కర్లేదు. ఫిబ్రవరి రెండో పక్షానికే చాలాచోట్ల మధ్యాహ్నాలు వేడెక్కుతాయి. ముందు తూర్పు పట్టా, నాలుగు రోజులాగి ఉత్తరపు పట్టా తీయండి. మన్యంలో ఉన్నవాళ్లు ఇంకో రెండు వారాలు ఆగండి. గోనెల్ని ఉతికి ఎండబెట్టి, ఎలుకలు కొట్టనిచోట పెట్టండి. లిట్టరు లోతు రెండంగుళాలకు తగ్గించండి. తీసిన ఊకను నేరుగా మొక్కలకు వేస్తే వేర్లు మాడతాయి. కుప్పపోసి, తడుపుతూ, రెండు మూడు నెలలు మాగనిచ్చాక జూన్‌లో కూరగాయల పాదులకు వేసుకోండి.